జున్ను రెక్కల విమానం

ఆదివారం పూజ కాగానే హోఫెన్‌రీడ్ ఊళ్లో ఆడవాళ్ళు వంటింటి దారి, మగవాళ్ళు ఎర్ర ఎద్దు బీరుకొట్టు దారి పడతారు. భోజనం చల్లారిపోతోందని పెళ్ళాలు వచ్చి లాక్కుపోయేదాకా అక్కడే మకాం. పాదిరిగారి ప్రసంగంతో బరువెక్కిన చెవులు గొడుగుల వెండెలిన్ కోతలు వింటే గానీ తేలికపడవని వాళ్ళ నమ్మకం. పాదిరిగారికీ ఈ సంగతి తెలుసు. తెలిసి ఏం చేస్తారు పాపం, ఆయన గొడుగు బాగుచేసేదీ వెండెలినే.

పొయ్యి పక్కనున్న గుండ్రబల్ల వాళ్ళది. అక్కడ ఎవరొచ్చినా దండాలూ పలకరింపులూ ఉండవు. వేలి కణుపులతో బల్ల మీద టకటకమని కొట్టి కూర్చోవడమే. ఆ ఆదివారం ఫ్రిడోలిన్ మాత్రం బల్ల కొట్టడం కూడా మరిచిపోయి, వచ్చీ రాగానే కూలబడ్డాడు.

ఫ్రిడోలిన్ వడ్రంగి. ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. గాలేస్తే పట్టుకోవాల్సినంత సన్నటి మనిషి. అబద్ధం చెప్పబోతే చెవులు ఎర్రబడి ముందే పట్టిచ్చేస్తాయి కాబట్టి చెప్పడం ఎప్పుడో మానుకున్నాడు. వెండెలిన్ సంగతి వేరు. పొట్ట ముందు నడుస్తుంటే తను వెనక నడుస్తాడు, నోరు ఆ పొట్టకన్నా ముందు నడుస్తుంది. ఈ ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో దేవుడికే తెలియాలి. కుదిరి ఊరుకుందా? ఇద్దరూ కలిసి విమానం కట్టారు.

ఆ రోజుల్లో జర్మనీలో ఊరికొక పిచ్చివాడు విమానం కడుతున్నాడు. హోఫెన్‌రీడ్‌లో ఇద్దరు కట్టారు, అంతే తేడా. ఫ్రిడోలిన్ చర్చి బల్లల కోసం తెచ్చిన కర్రలో మిగిలిందంతా దాని ఎముకలైంది. వెండెలిన్ పెళ్ళాం పుట్టింటినుంచి తెచ్చుకున్న నార దుప్పట్లు రెక్కలయ్యాయి. పాత మోటారు సైకిలు ఇంజను దాని గుండె. ఇక అతికించడానికి ఆ ప్రాంతపు వడ్రంగులకి తాతలనాటి జిగురు ఒకటుంది. పాలు విరగ్గొట్టి తీసిన మెత్తటి జున్నులో సున్నం కలిపి నూరితే చాలు, ఆరాక కర్ర విరుగుతుంది గాని అతుకు విడదు. వానాకాలంలో కాస్త పులిసిన వాసన వేస్తుంది, అదొక్కటే లోపం. విమానాన్ని కొట్టంలోంచి బయటికి తోసినప్పుడల్లా ఊళ్లో పిల్లులన్నీ వెనకాల వచ్చేవి.

రెండేళ్లు అయింది. ఆ యంత్రం గడ్డిబీడంతా కోడిపెట్టలా పరుగులు పెట్టింది గాని ఏనాడూ నేల విడవలేదు. ఆ కొట్టం ఎర్ర ఎద్దు బీరుకొట్టు యజమానురాలు క్రెసెంజ్‌ది. మొగుడు పోయాక కొట్టునీ పొలాన్నీ ఒంటిచేత్తో ఈడ్చుకొస్తున్న మనిషి. వానలు దగ్గరపడుతున్నాయి, కోసిన గడ్డి బయట పడి ఉంది. పోయిన వారం ఆవిడ ఇద్దర్నీ నిలబెట్టి తేల్చేసింది.

"ఆదివారం దాకా చూస్తా. ఈలోగా మీ యంత్రం ఒక్కసారంటే ఒక్కసారి నేల విడిచిందా, చలికాలమంతా కొట్టంలో ఉంచుకోండి, నా గడ్డి ఇంకెక్కడైనా తగలేసుకుంటాను. విడవలేదా, సోమవారం పొద్దున్నే ఆ కర్రలన్నీ నా రొట్టెల పొయ్యిలోకి."

ఇదిగో ఆ ఆదివారమే ఇది.

పొద్దున పాదిరిగారు దురాశ గురించి ప్రసంగం అందుకున్నారు. ఫ్రిడోలిన్ ఆర్గన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి బీడు వైపునుంచి బర్రుమని ఇంజను మోత. చర్చిలో తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. ఫ్రిడోలిన్ కింద బల్లల వైపు చూశాడు. వెండెలిన్ కూర్చునే చోటు ఖాళీగా ఉంది! మోత పెరిగింది, పెరిగింది, ఎక్కడో గుటుక్కున ఆగిపోయింది. పూజ మధ్యలో లేచి పరిగెత్తే దారి లేదు. తరవాతి కీర్తనలో అతను ఒక మీట తప్పు నొక్కాడు. పదేళ్లలో అదే మొదటిసారి.

పూజ అవగానే బీడుకి పరిగెత్తాడు. విమానం కంచెకి అవతల, పొరుగు పొలంలో ఒరిగి ఉంది. ఒక చక్రం విరిగింది. కంచె మీదుగా వెళ్ళిందా? పక్కన గేటు బార్లా తెరిచే ఉంది, అందులోంచి దొర్లిందా? ఎండిన గడ్డి మీద జాడ లేదు. పక్కనే వెండెలిన్ కూర్చుని ఒంటికంటిన పేడ గీక్కుంటున్నాడు.

"ఎగిరిందా?" అన్నాడు ఫ్రిడోలిన్ రొప్పుతూ.

"నాకు దాహంగా ఉంది. కొట్లో చెప్తా పద," అన్నాడు వెండెలిన్, అతని కళ్ళలోకి చూడకుండా.

అందుకే ఫ్రిడోలిన్ ఇలా కూలబడింది. నిజం తెలిసింది ఈ భూమ్మీద ఒక్కడికే, ఆ ఒక్కడూ వెండెలిన్! ఇంతకన్నా దురదృష్టం ఇంకెవరికైనా ఉంటుందా?

క్రెసెంజ్ బీరుముంతలు బల్ల మీద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. చుట్టూ అంతా చేరారు. మాంసంకొట్టు సెవెరిన్ తన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. వెండెలిన్ మాట నేల మీద పడకముందే పట్టుకుని విరిచెయ్యడం సెవెరిన్‌కి సరదా. పొయ్యికి అవతల, గోడవారన చిన్న పీట మీద అపొలోనియా అత్త సూపు తాగుతోంది. ఊరి ఆవులన్నీ కాసే ముసలమ్మ. తెల్లవారుజాము పూజకే వెళ్ళొచ్చి, ఆవుల్ని తోలుకుపోయి, ఎండెక్కాక మళ్ళీ దొడ్లకి చేర్చి, ఇక్కడ ఓ గిన్నె సూపు తాగడం ఆవిడ ఆదివారం అలవాటు. ఆవిడతో ఎవరూ మాట్లాడరు, ఆవిడా ఎవరితోనూ మాట్లాడదు.

"ఊ, చెప్పు," అంది క్రెసెంజ్. "బర్రుమన్నది మీ యంత్రమేనా?"

"మాదే వదినా, మరింకెవరిది?" వెండెలిన్ మీసానికంటిన నురగ తుడుచుకున్నాడు. "పొద్దున లేచి చూశానా, గాలి ఎంత బాగుందంటే, పాపం గాలి కూడా ఎన్నాళ్ళని మనకోసం ఆగుతుంది? ఫ్రిడోలినేమో ఆర్గన్ దగ్గర. సరే, ఒక్కణ్ణే తోసుకెళ్ళా. ముందున్న పంకా తిప్పి ఇంజను అంటించా, ఎక్కి కూర్చున్నా, వదిలా. పరిగెత్తింది, పరిగెత్తింది, కంచె దగ్గరికొచ్చేసరికి మెల్లిగా లేచింది. ఎంతో కాదు. నడుమెత్తు. కంచె దాటి అవతల దిగింది. అంతే."

వెండెలిన్ నోటినుంచి 'అంతే' అన్న మాట రావడం ఆ బల్ల పుట్టాక ఇదే మొదలు. క్రెసెంజ్ చెయ్యి నడుం మీదనుంచి కిందికి జారింది. "నడుమెత్తా?" అంది మెత్తగా. నమ్మేసింది! ఫ్రిడోలిన్, దేవుడా, వీడి నోటికి ఇప్పుడో ముద్ద పెట్టు, ఇంకొక్క మాట రానివ్వకు అని మొక్కుకున్నాడు.

దేవుడు వినేలోపే సెవెరిన్ అందుకున్నాడు. "నడుమెత్తేనా బావా? మా మేకపోతు రోజూ దూకుతుంది ఆ కంచె. దానికి దుప్పట్లు కూడా అక్కర్లేదు."

బల్ల ఘొల్లుమంది. వెండెలిన్ మెడ ఎర్రబడింది. ఫ్రిడోలిన్ కిందనుంచి అతని కాలు తన్నాడు. లాభంలేదు.

"కంచె మొదలు మాత్రమే బావా! మొదలు అని చెప్పానా లేదా? మర్యాదకి తగ్గించి చెబితే మేకపోతు దాకా వచ్చావు. వినండి. కంచె దాటాక దిగుదామనే అనుకున్నా. చక్రం నేలకి ఆనబోతోంది, అంతలో కిందనుంచి ఒక గాలి తెర వచ్చి పొట్టకింద చెయ్యేసి ఎత్తినట్టు ఎత్తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కళ్ళు తెరిచేసరికి చర్చి గోపురం ఎదురుగా ఉంది! గోపురం మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే రేకు గాలికోడి ఉందా, అది పోయిన గాలివానప్పటినుంచీ తూర్పుకి తిరిగి బిగుసుకుపోయిందా, పక్కనుంచి పోతూ దాని తోక పట్టుకుని సరిగ్గా తిప్పి పెట్టా. మీరు వెళ్ళి చూసుకోండి కావాలంటే."

"నిన్నటి గాలికే తిరిగింది అది. నేను చూశాను," అన్నాడు సెవెరిన్.

"నిన్న సగమే తిరిగింది, మిగతా సగం నేను తిప్పా. అక్కడ గోపురం కిటికీలోంచి పాదిరిగారి గొంతు వినిపిస్తోంది. దురాశ, దురాశ అంటున్నారు. అవునా కాదా? వినిపించకపోతే నాకెలా తెలుస్తుంది? ఆ తర్వాత మన ఫ్రిడోలిన్ కీర్తన అందుకున్నాడు. మూడో పాదంలో ఒక మీట తప్పు నొక్కాడు. అంత ఎత్తునుంచి కూడా పళ్ళు జివ్వుమన్నాయనుకో!"

అందరూ ఫ్రిడోలిన్ వైపు తిరిగారు. తప్పు మీట అందరూ విన్నదే. కానీ వీడెలా విన్నాడు? విమానం పక్కన కూర్చుని పేడ గీక్కుంటూ విన్నాడేమో. ఫ్రిడోలిన్ ముంతలో తల దూర్చాడు. క్రెసెంజ్ చెయ్యి మళ్ళీ నడుం మీదకి చేరింది.

"చాల్లే, దిగిరారా," అన్నాడు ఫ్రిడోలిన్ గొణుగుతూ. "కంచె చాలు. కంచె దగ్గర ఆగు."

"ఎలా ఆగను? ఆపడానికి అది ఎద్దుబండా? ఎదురుగా సరస్సు! బోడెన్ సరస్సంతా కింద పరుచుకునుంది. ఒడ్డున ఆగుదామంటే అడవిబాతులు వచ్చేశాయి, దక్షిణానికి పోతున్నాయి పాపం, గుంపు గుంపంతా. నన్ను చూసి తమ పెద్దన్నయ్య అనుకున్నాయి, ఈ పొట్టా అదీ చూసి. వరసగా నా వెనక చేరాయి. వాటిలో ఒక ముసలి బాతు అలిసిపోయి నా ఎడమ రెక్క మీద కూర్చుంది. కూర్చోనీ, పెద్దముండ, అనుకున్నా. ఊరికే కూర్చుంటే బాగుండదనుకుందో ఏమో, కిరాయి కింద ఒక గుడ్డు పెట్టింది!"

"అక్టోబరులో గుడ్డా?"

"భయంతో పెట్టింది బావా, భయానికి నెలా వారం ఉంటాయా? ఆ గుడ్డు దొర్లుతూ నా దగ్గరికొచ్చింది. చేతిలోకి తీసుకున్నా. ముందు ఇంజను ఎర్రగా కాలుతోంది. టక్కున కొట్టి దాని మీద పోశా. చుయ్యిమంది. ముల్లంగిలోకని జేబులో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది కదా నాకు, చల్లుకున్నా. సరస్సు మధ్యలో, ఆకాశంలో కూర్చుని, వేడివేడి గుడ్డట్టు! చక్రవర్తి గారికైనా దొరుకుతుందా ఆ భోగం, చెప్పండి?"

జనం పొట్టలు పట్టుకున్నారు. ఒకడికి బీరు ముక్కులోకి పోయి దగ్గు. ఫ్రిడోలిన్‌కి కూడా నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. సోమవారం పొయ్యిలో కాలబోయేది తన రెండేళ్ళ బతుకు. ఒక్కొక్క కర్రా చెవి దగ్గర పెట్టుకుని, తట్టి, మోత విని ఎంచుకున్నాడు. వీడేమో దాని మీద అట్లు వేస్తున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్రోలు అయిపోయింది!"

"ఊళ్లోనే అయిపోవాల్సింది," అంది క్రెసెంజ్.

"అయిపోయింది వదినా! కింద నీళ్ళు, పైన దేవుడు, మధ్యలో నేను. ఏం చెయ్యను? తొడకి కట్టుకున్న సీసాలో మీరు పోసిచ్చిన చెర్రీ సారా ఉంది. గుండె రాయి చేసుకుని, ఒక్క గుక్కంటే ఒక్క గుక్క నేను తాగి, మిగతాదంతా ఇంజనులో పోశా. అమ్మమ్మమ్మ! ఇంజనుకి మత్తెక్కిపోయింది. అంతవరకు బర్రుబర్రుమంటున్నది కాస్తా పాట అందుకుంది. తూలడం మొదలెట్టింది. ఒక రెక్క పైకి, ఒక రెక్క కిందికి. రెండుసార్లు వెక్కిళ్ళు కూడా వచ్చాయి. అలా తూలుకుంటూ తూలుకుంటూ, ముసలి బాతు తిడుతూనే ఉంది, స్విట్జర్లాండు ఒడ్డున తేలాం."

"పాస్‌పోర్టు?" అన్నాడు సెవెరిన్.

"పాస్‌పోర్టు అడిగితే బతికిపోయేవాణ్ణి! సుంకం వసూలుచేసేవాడు వచ్చాడు, టోపీ, మీసాలు, అంతా ఉన్నాడు. విమానం చుట్టూ తిరిగాడు. ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు. 'ఏమయ్యా, ఇందులో జున్ను ఉంది' అన్నాడు. 'అయ్యా, అది జిగురండీ' అన్నా. 'దేంతో చేశారు?' అన్నాడు. జున్నుతోనే కదా, ఏం చెప్పను! 'విమానానికి సుంకం ఎంతో మా పుస్తకంలో లేదు, జున్నుకి ఉంది, మొత్తం తూకం వేస్తాను' అన్నాడు. రెక్కలూ తోకా అన్నీ కలిపి జున్ను లెక్కన కడతానంటాడు! నేను ఒప్పుకోలేదు. అప్పుడు వాడేం చేశాడో తెలుసా? జేబులోంచి చాకు తీసి, రెక్క అతుకు దగ్గర ఇంత ముక్క కోసి, నోట్లో వేసుకుని నమిలాడు!"

"నమిలాడా!"

"నమిలి ఉమ్మేశాడు. 'దీన్ని జున్నంటారా మీ దేశంలో? సిగ్గులేదూ?' అన్నాడు. అదిగో, అక్కడ మండింది నాకు. నన్ను అను, నా పొట్టని అను, పడతాను. మా ఫ్రిడోలిన్ నూరిన జున్నుని అంటాడా? 'నోరు ముయ్యి' అన్నా. పంకా తిప్పా. లేచా. ఆ మొండివాడు తోక పట్టుకుని వేలాడాడు, సుంకం సుంకం అని అరుస్తూ. అలాగే తీసుకుపోయి ఒక మంచుకొండ మీద దింపి, 'ఇక్కడ మేకలున్నాయి, జున్ను చేసుకో' అని చెప్పి వచ్చేశా."

ఇక బల్ల దగ్గర ఎవరికీ ఊపిరి లేదు. వెండెలిన్‌కి మాత్రం ఆ నవ్వే గాలి, ఆ గాలికి ఇంకా ఇంకా పైకి లేస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆపమని చెప్పినా ఇప్పుడు అతని తరం కాదు.

"తిరిగి రావాలి కదా మరి! సారా అయిపోయింది, బాతులు వెళ్ళిపోయాయి. ఏం చెయ్యనా అని ఆలోచించా. పైకి, పైకి, ఇంకా పైకి పోయా. ఎంత పైకంటే, భూమి కింద గుండ్రంగా గిర్రున తిరగడం కనిపిస్తోంది. ఓహో ఇంత సులువా అనుకుని, అక్కడే కదలకుండా ఆగా. నేను ఆగా, భూమి తిరుగుతోంది. ఫ్రాన్సు పోయింది, సముద్రం పోయింది, అమెరికా పోయింది, చీనా పోయింది, రష్యా అంతా పోయేసరికి కాస్త విసుగొచ్చిందనుకోండి. ఎట్టకేలకి హోఫెన్‌రీడ్ వచ్చింది. గాలికోడి కనబడగానే టక్కున దిగిపోయా. కంచెకి అవతల. ఒక చక్రం విరిగింది, అదొక్కటే."

"ఇదంతా ఒక్క ప్రసంగం అయ్యేలోపా?" అన్నాడు సెవెరిన్ కళ్ళు తుడుచుకుంటూ.

"ప్రసంగం అంత పొడుగు చేస్తే నాదా తప్పు?"

ఆ నవ్వుకి కప్పు మీద పావురాలు లేచిపోయాయి. ఒక్క క్రెసెంజ్ మాత్రం నవ్వలేదు. ఖాళీ ముంతలు చేతిలోకి తీసుకుంది.

"బాగుంది వెండెలినూ. నేను చెవిలో పువ్వులు పెట్టుకుని తిరుగుతున్నానని ఎవరు చెప్పారు నీకు? నడుమెత్తు అన్నప్పుడు నమ్మబోయాను చూడు, నన్ననుకోవాలి. రేపు పొద్దున్నే గొడ్డలి పంపిస్తా."

నవ్వు ఆగిపోయింది. ఫ్రిడోలిన్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"వదినా, వాడి మాట వదిలెయ్యండి. చక్రం బాగుచేస్తాను, ఇంకొక్క వారం..." ఇన్నాళ్ళూ ఎవరి ముందూ బతిమాలని మనిషి. "ఒరేయ్ వెండెలిన్, ఒక్కసారి, నా కోసం. కంచె మీదుగా వెళ్ళిందా, గేట్లోంచి దొర్లిందా? నువ్వు పైన కూర్చునే ఉన్నావు కదరా, నీకు తెలీదా?"

వెండెలిన్ బల్ల వైపు చూశాడు.

"వాడికెలా తెలుస్తుంది?" అంది ఎవరో. "వాడు అందులో లేడుగా."

అందరూ పొయ్యి అవతలికి మెడలు సాచారు. అపొలోనియా అత్త గిన్నె అడుగున మిగిలిన సూపుని రొట్టెముక్కతో తుడుస్తోంది.

"ఏంటత్తా అన్నావు?" అన్నాడు సెవెరిన్.

"లేడన్నాను. నేను ఆవులతో ఆ బీడులోనే ఉన్నాను, పల్లపు వైపు. ఈ మనిషి చక్రం కింద ఓ దుంగ పెట్టి, ముందుకెళ్ళి ఆ పంకా తిప్పాడు. అది ఒక్కసారిగా రెచ్చిపోయింది. లోపల తగ్గించడానికి మనిషి ఉంటే కదా. దుంగని తన్నేసి బయల్దేరింది. ఈయన పక్కకి దూకి, తోక పట్టుకుని కొంత దూరం దాని వెనకే దేకుతూ పోయాడు. 'ఆగవే, ఆగవే తల్లీ' అంటూ. పేడకాలవలో బోర్లా పడ్డాడు. తల పైకెత్తేసరికి చాలాసేపైంది."

వెండెలిన్ చెంపలు గొడుగుగుడ్డలా నల్లబడ్డాయి. విమానం కట్టే ప్రతివాడూ చేసి, ప్రతివాడూ దాచిపెట్టే తప్పు అది. లోపల కూర్చునే మనిషి లేకుండా ఇంజను తిప్పడం.

"మరి ఇంతసేపూ చెప్పలేదేం అత్తా?"

"అడిగారా? సూపు వేడిగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. వెండెలిన్ నెమ్మదిగా లేచి, బల్ల పట్టుకుని, పొయ్యి చుట్టూ తిరిగి ముసలమ్మ ఎదుటకి వచ్చాడు. ఇంతవరకూ కొట్టంతా నిండిన గొంతు ఇప్పుడు పక్కవాడికి వినపడితే గొప్ప.

"అత్తా... నేను బోర్లా పడ్డాక... అది... ఎగిరిందా?"

ఫ్రిడోలిన్‌కి అప్పుడర్థమైంది. వీడు చూడలేదు! నిజం దాచి అబద్ధం చెప్పలేదు వీడు. నిజం ఏమిటో తెలీక, ఆ ఖాళీ నింపడానికి ప్రపంచమంతా తిరిగొచ్చాడు, పాపిష్టి వెధవ.

అపొలోనియా అత్త రొట్టెముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది.

"ఎగరకపోతే కంచె ఎలా దాటుతుంది? గేటు దగ్గర నా ఆవులున్నాయి. పల్లంలోకి పోతూ పోతూ మెల్లిగా లేచింది. మా మచ్చలావు అడ్డంగా నిలబడి ఉంది, దాని కొమ్ముల మీదుగా పోయింది. కొమ్ములకీ దానికీ ఇంత సందుంది." అరచెయ్యి మోకాలి మీద నిలబెట్టి చూపించింది. "ఆవు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడింది. కంచె దాటి మెత్తగానే దిగింది. ఆ తర్వాత ఎలుకపుట్ట తగిలి చక్రం పోయింది. అంతే."

ఈసారి 'అంతే' అన్నది నిజంగా అంతే.

"నేల విడిచిందా?" అంది క్రెసెంజ్. ముంతలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

"విడిచింది. చక్రాల కింద వెలుగు కనిపించింది."

క్రెసెంజ్ కాసేపు ముసలమ్మనే చూసింది. ఆవు ఈనిందని చెప్పినా, మనిషి పోయాడని చెప్పినా అదే గొంతుతో చెప్పే మనిషి అపొలోనియా అత్త. క్రెసెంజ్ ముంతలు కింద పెట్టేసింది.

"సరే. కొట్టం మీదే. గడ్డి సంగతి నేను చూసుకుంటా. నవ్వకు వెండెలినూ, నీ మొహం చూసి కాదు."

ఫ్రిడోలిన్ రెండు పిడికిళ్ళతో బల్ల మీద దబదబా బాదాడు. వచ్చినప్పుడు మరిచిపోయిన పలకరింపంతా వడ్డీతో సహా కొట్టేశాడు. అందరూ అందుకున్నారు. బల్ల అదిరింది, ముంతలు ఎగిరాయి. అతని కళ్ళంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తను చేసిన కర్ర పక్షి ఆవు కొమ్ముల మీదుగా పోయింది! చూడలేదు, అయినా ఏం? పోయింది! లెక్కలో తప్పు లేదు, జున్నులో తప్పు లేదు. రెండేళ్ళూ అది లేవనిది ఎందుకో ఇప్పుడు తెలిసింది. తెలిసి వెండెలిన్ పొట్ట వైపు చూశాడు. బల్ల మొత్తం చూసింది.

"అలా చూడకండి," అన్నాడు వెండెలిన్, రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంటూ. ఆ తర్వాత తనూ పకపకా నవ్వేశాడు. నవ్వుతూనే ఫ్రిడోలిన్‌ని ఎత్తి పట్టుకుని, "ఎంత తేలిగ్గా ఉన్నాడో చూడండర్రా, ఎత్తితే పిల్లి కూడా ఇంతకన్నా బరువుంటుంది! వచ్చే ఆదివారం వీడే కూర్చుంటాడు. పంకా నేను తిప్పుతా," అన్నాడు. ఫ్రిడోలిన్ గాల్లో కాళ్ళు ఆడిస్తూ, దింపమంటూ, నవ్వుతూ, ఏడుస్తూ ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని నోట్‌బుర్గా వచ్చింది. వెండెలిన్ భార్య. చేతిలో గరిటె ఉంది, మొహం కుంపటిలా ఉంది.

"పిండి ఉండలు రాళ్ళయిపోయాయి. పూజకి రాలేదు. పాదిరిగారు నన్నడిగారు. ఒంటి మీద ఆ పేడ ఏంటి? ఎక్కడికెళ్ళావు? ఇవాళ ఏ దేశం?"

వెండెలిన్ ఫ్రిడోలిన్‌ని కింద దింపాడు, చొక్కా సర్దుకున్నాడు. బాతులూ సుంకంవాడూ భూగోళమూ అన్నీ నాలుక చివర సిద్ధంగానే ఉన్నాయి, అది అందరికీ కనిపిస్తూనే ఉంది. వాటన్నిటినీ గుటుక్కున మింగేశాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదు నోట్‌బుర్గా. విమానం ఎగిరింది. నేను అందులో లేను. పేడకాలవలో బోర్లా పడి ఉన్నా."

నోట్‌బుర్గా అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. గరిటె మెల్లిగా దించింది.

"ఇన్నేళ్ళుగా నువ్వు చెప్పిందల్లా నమ్మినట్టే ఉన్నాను. తోడేలు మీద స్వారీ చేశానన్నావు, ఊకొట్టాను. రాజుగారి గొడుగు కింద నిద్రపోయానన్నావు, ఊకొట్టాను. కానీ నువ్వు చెప్పే కథ, అందులో నువ్వు లేవా? చాల్లే వెండెలిన్. ఇంత పెద్ద కోత నీ జన్మలో కొయ్యలేదు."

"నిజం నోట్‌బుర్గా!" ఫ్రిడోలిన్ ముందుకి దూకాడు. జుట్టు రేగిపోయి, కళ్ళు వాచిపోయి, మొహమంతా వెలిగిపోతోంది. "ఒట్టు! మచ్చలావు కొమ్ముల మీదుగా పోయింది! ఆవు తలెత్తి చూసి మళ్ళీ మేసింది కూడా!"

నోట్‌బుర్గా అతని వైపు తిరిగింది. ఆనందానికి కందిపోయిన అతని చెవుల్ని కాసేపు చూసింది. గరిటె పట్టుకున్న చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"అయ్యో ఫ్రిడోలిన్! నిన్ను కూడా చెడగొట్టాడా!"